మిర్చి ఘాటుకు అజిత్రోమైసిన్ ఎందుకు?

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డులో రెండు రోజులు బస్తాల మధ్య కూర్చుని వచ్చిన మా నాన్నకు దగ్గు పట్టుకుంది. ఆ ఘాటుకు గొంతు మండి దగ్గు రావడం వరంగల్ చుట్టుపక్కల ఎవరికీ కొత్త కాదు. అయినా ఆయన దారిలో ఒక మెడికల్ షాపు ముందు ఆగి దగ్గు అని ఒక్క మాట అనగానే, షాపువాళ్లు జ్వరం ఉన్నదా అని కూడా అడగకుండా, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాముల గోలీలు మూడు చేతిలో పెట్టి, "రోజుకొకటి ఏసుకో కాకా, తగ్గిపోతది" అన్నారట.

ఆ మందు మీద నాకు కోపం లేదు, గౌరవమే ఉంది. దీనికి ముందున్న పాత యాంటీబయాటిక్ ఎరిత్రోమైసిన్ కడుపులోని ఆమ్లానికి తట్టుకోలేకపోయేది, ఒంట్లో ఎక్కువసేపు నిలిచేది కాదు, అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవలసి వచ్చేది. క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరంలో ఉన్న ప్లీవా కంపెనీ శాస్త్రవేత్తలు 1980లో దాని అణువును మార్చి అజిత్రోమైసిన్‌ను తయారు చేశారు. బ్యాక్టీరియా తన ప్రొటీన్లను తయారు చేసుకునే రైబోజోమ్‌ను పట్టుకుని ఆ పనిని ఆపివేయడం దీని పద్ధతి. వైరస్‌కు సొంత రైబోజోమ్ లేదు, మిర్చి ఘాటుకు అసలే లేదు. శరీరంలో ఇది సగానికి తగ్గడానికి సుమారు 68 గంటలు పడుతుంది కనుకనే చాలా జబ్బులకు మూడు రోజుల మందు సరిపోతుంది. అయితే అన్ని రోజులు కొద్దికొద్దిగా మిగిలి ఉండే ఆ మందు, ఒంట్లోని బ్యాక్టీరియాను చంపలేక, తనను తట్టుకోగలిగిన వాటికే పెరిగే అవకాశం ఇస్తుంది. దీన్ని అందరికీ ఇష్టమైన గోలీగా చేసిన గుణమే దీన్ని పాడుచేసే గుణం కూడా.

కరోనా కాలంలో ఇంటింటికీ పంచిన కిట్లలో దీన్ని చూశాము. బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా ఆసుపత్రి రోగుల మీద జరిగిన 'రికవరీ' అనే పెద్ద పరీక్షలో దీనివల్ల ప్రాణాలు నిలిచిన ఆధారం దొరకలేదు. ఆ సంగతి మన ఊళ్లకు చేరలేదు, అలవాటు మాత్రం మిగిలింది.

నన్ను నిజంగా భయపెడుతున్నది టైఫాయిడ్. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ మన దేశంలో ఈ జ్వరం మీద చాలావరకు పదును కోల్పోయింది. పాకిస్థాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి వ్యాపించిన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్ అనే ఇంజెక్షన్ మందుకు కూడా లొంగకపోవడంతో, అక్కడ నోటితో వేసుకునే మందుల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే ఆధారమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆచితూచి వాడవలసిన 'వాచ్' వర్గంలో పెట్టింది. పైగా ముందే గోలీ మింగి వచ్చినవారి రక్తాన్ని కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపితే క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు జ్వరం దేనివల్ల వచ్చిందో తేల్చడం డాక్టరుకు కూడా కష్టమవుతుంది.

డాక్టరు ఫీజు, పరీక్షల ఖర్చు కలిపితే కూలి మనిషికి రెండు మూడు రోజుల సంపాదన పోతుంది కనుక, షాపు దగ్గర ఆగిన మనిషిని నేను తప్పుపట్టను. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని సూచించే ఎర్ర గీత ఉన్న గోలీల షీటును ఆ చీటీ అడగకుండా అమ్మినవారిని మాత్రం తప్పుపడతాను.

మా నాన్న ఒక్క గోలీ వేసుకుని, మరునాడు యార్డుకు వెళ్లకుండా ఇంటి పట్టున ఉన్నారు. దగ్గు తగ్గింది. పేరు గోలీకే వచ్చింది. నేను ఇదంతా వివరించి చెబితే, "మరి నాకు తగ్గింది గదా బిడ్డా" అన్నారు. మిగిలిన రెండింటిని అమ్మ మళ్లీ పనికొస్తాయని గూట్లో దాచింది.