ముగ్గు పోయకముందే

పుణె, ముంబయిలలో ఇరవై అంతస్తుల భవనాలకు సెంట్రింగ్ కొట్టి, కాంక్రీటు మోసి, నాలుగు పైసలు కూడబెట్టుకున్న పాలమూరు (మహబూబ్‌నగర్) మనిషి సొంతూరికి వచ్చి ఇల్లు మొదలుపెడతాడు. అక్కడ ఇంజినీరు గీసిన నక్ష లేకుండా ఒక్క పిల్లరూ లేవదని ఆయనకు తెలుసు. ఇక్కడ మాత్రం మేస్త్రీ పోసిన ముగ్గే నక్ష. పక్కింటి పునాది ఎంత లోతో తన ఇంటికీ అంతే లోతు. ఇది ఆయన తెలివితక్కువతనం కాదు. పల్లెలో తవ్వకానికి ముందు వచ్చి నేలను చూసి మాట చెప్పే ఇంజినీరు ఆయనకు అందుబాటులో లేడు.

కాగితాల చిక్కు అందరికీ తెలిసిందే. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) తాతల నాటి జాగాకు ఇంటిపన్ను రసీదు తప్ప మరో ఆధారం చాలామంది దగ్గర ఉండదు. అన్నదమ్ముల పంపకం నోటిమాటగా జరిగిన చోట గోడ లేచాకే గొడవా లేస్తుంది. ఊరి బయట చెల్కలో (మెట్ట పొలంలో) కట్టుకోవాలంటే పట్టా ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. 2025లో భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చినా ఈ మెట్టు తప్పలేదు. గుంటకు 121 గజాలని చకచకా లెక్క చెప్పే దళారి, ఆ గుంటకు బాట ఊరి నక్షలో ఉందో లేదో, అది చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) పడుతుందో లేదో మాత్రం చెప్పడు.

అసలు నష్టం నేల దగ్గర జరుగుతోంది. కొంత తవ్వగానే గట్టి మొరం తగిలే ఎర్ర చెల్కలో మామూలు పునాది నిలుస్తుంది. గద్వాల, అలంపూర్, మక్తల్ వైపు నల్లరేగడిలోనూ అదే పునాది వేస్తే, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే ఆ నేల కొన్నేళ్లకే కిటికీ మూల నుంచి గోడను ఏటవాలుగా చీలుస్తుంది. అలాంటి చోట రేగడి తీసి మొరం నింపి దిమ్మిస కొట్టడమో, గట్టి పొర దాకా పిల్లర్లు దించి, వాటిని నేలమట్టం దగ్గర కలుపుతూ ప్లింత్ బీము కట్టడమో తప్పదు. ఆ ఖర్చు ముందే తెలిస్తే ఒక గది తగ్గించుకోవచ్చు. బేస్‌మెంట్ (గోడల కింది పునాది కట్టు) అయ్యాక తెలిస్తే మిత్తికి అప్పు తేవడమే.

నీళ్ల సంగతీ అంతే. ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తాగడానికి ప్రభుత్వ మిషన్ భగీరథ నల్లా, వాడకానికి బోరు వేరువేరుగా ఉండాలంటే రెండు పైపులకూ నక్షలోనే చోటు చూపాలి. ఎండాకాలంలో స్లాబ్ వేస్తే రెండు వారాలు తడపడానికి నీళ్లెక్కడివో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

సొంత జాగా ఉన్నవారికి ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయలు విడతలుగా వస్తున్నాయి. బేస్‌మెంట్ పూర్తయ్యాక ఫొటో తీసి యాప్‌లో పెడితేనే తొలి విడత. ఆ ఫొటోలో కట్టడం కనిపిస్తుంది గానీ దాని కింది నేల కనిపించదు. అందుకే మాఘమాసం ముహూర్తాలకు ముందే మండల ఇంజినీరు ఊరికి వచ్చి, పథకంలో ఉన్నవారికే కాక సొంత పైసలతో కట్టుకునేవారికి కూడా ఒక గుంత తవ్వించి, నేల రకం, పునాది లోతు, పిల్లర్ల కొలత రాసివ్వాలని కోరుతున్నాం. పంచాయతీ అనుమతికి ఆ కాగితాన్ని జతచేయాలి. దాని మీద మేస్త్రీ సంతకం కూడా తీసుకోవాలి. ఆఖరికి గడ్డపార పట్టేది ఆయన మనుషులే.