కదలకుండా పౌరసత్వం

పరాయి దేశం పౌరసత్వం కోసం మన కుర్రాళ్లు పడుతున్న పాట్లు చూడలేక, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న పర్లాకిమిడి వాస్తవ్యుడిగా నాలుగు ముక్కలు చెప్పదలిచాను. ఈ విద్యలో మా ఊరికి అనుభవం ఉంది. 1936 ఏప్రిల్ 1న మావాళ్లెవరూ పెట్టె సర్దలేదు, ఫారం నింపలేదు. తెల్లారేసరికి మద్రాసు రాజధాని పోయి ఒరిస్సా వచ్చింది, అంతే. ఇది గిట్టని గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు అరుగు దిగకుండానే వలసదారులయ్యారు. 1992లో గంజాం నుంచి గజపతి జిల్లాకూ అలాగే చేరుకున్నాం.

అది రాష్ట్రమే కదా, దేశం కాదు కదా అని విజ్ఞులు అడ్డు తగులుతారు. వారు 1955 నాటి పౌరసత్వ చట్టం తిరగెయ్యాలి. పుట్టుక, వారసత్వం, రిజిస్ట్రేషన్, ఏళ్లకేళ్లు కాపురం ఉండడం, ఇవి అందరూ చెప్పేవే. ఐదోది అసలు దారి: నేల వచ్చి దేశంలో కలిస్తే దాని మీదున్న మనుషులూ పౌరులైపోతారు. 1975లో సిక్కిం జనం అలాగే భారతీయులయ్యారు.

ఇంత సుఖమైన పద్ధతి ఉండగా మా వీధి కుర్రాడు అమెరికా పట్టుకు వేలాడుతున్నాడు. ముందు హెచ్‌1బి లాటరీ. తర్వాత గ్రీన్‌కార్డు క్యూ. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్నారు కాబట్టి మనకీ ఏడే, ఐస్‌లాండ్‌కీ ఏడే! సమానత్వమంటే అదీ. ఆ కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలి. అక్కడి పౌరురాలిని పెళ్లాడి కాపురం చేస్తుంటే మూడేళ్లే. డబ్బున్నవాళ్లు కనీసం ఎనిమిది లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు దగ్గరికి దర్జాగా నడవొచ్చు. చివర్లో పరీక్ష: 2025లో మార్చిన పద్ధతిలో 128 ప్రశ్నలు బట్టీ పడితే ఇరవై దాకా అడుగుతారు, పన్నెండు చెప్పాలి. కుర్రాడికి ఇంకా గ్రీన్‌కార్డే రాలేదు గానీ వాళ్ల నాన్న మాత్రం రోజూ వీడియో కాల్‌లో ప్రశ్నలడిగి అడిగి మొత్తం నేర్చేసుకున్నాడు. సెనేటర్లు వందమందని నిద్రలో లేపినా చెబుతాడు. మా వార్డు కౌన్సిలరెవరో మాత్రం ఆయనకి తెలీదు.

సరే, అన్నీ దాటి ప్రమాణం చేశాడనుకోండి. ఆ క్షణంలోనే ఇక్కడి పౌరసత్వం పోతుంది. బదులుగా ఓసీఐ కార్డు, అంటే పరాయి పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు, ఇస్తారు. దాంతో ఎన్నిసార్లయినా రావొచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు మాత్రం వెయ్యకూడదు, పంటపొలం కొనకూడదు.

ఇటు కోరాపుట్ జిల్లా కొఠియా చూడండి. 21 గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగాదాని 2006లో కోర్టు పార్లమెంటు చూసుకోవాలని వదిలేసింది. పార్లమెంటు ఇంకా చూస్తూనే ఉంది. ఈలోపు అక్కడ చాలామందికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఎన్నికలొస్తే రెండు వైపుల నుంచీ జీపులొస్తాయి, అధికారులు దండం పెట్టి మరీ పిలుస్తారు.

కాబట్టి సంబంధాలు చూసే పెద్దలకు మనవి: ఇక మీదట కుర్రాడి వీసా ఏ స్టేజీలో ఉందని కాదు, కొఠియాలో ఎన్ని కార్డులున్నాయని అడగండి. స్టాంపింగ్ టెన్షన్ ఉండదు. అమ్మాయి పుట్టింటికి రావాలంటే ఆ పక్కనే ఆంధ్రలో ఉన్న సాలూరు బస్సెక్కితే చాలు.