కొబ్బరి నూనె గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కొబ్బరి నూనె గారికి, రామాలయం భజనలో హార్మోనియం వాయించేవాడు నమస్కరించి వ్రాయునది.

కోనసీమలో పుట్టి మిమ్మల్ని తప్పుపట్టడమంటే ఏటిగట్టు మీద కూర్చుని గోదారిని తిట్టినట్టే. తలకి మీరే, పగిలిన మడమకి మీరే, తలుపు కిర్రుమంటే మీరే, తాళం తిరక్కపోతే మీరే. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర కదిలితే మా ఇళ్లల్లో పెళ్లి ముహూర్తాలు కదులుతాయి. ఇంతవరకూ నాకే అభ్యంతరమూ లేదు. కానీ హార్మోనియం లోపల స్వరం పలికించే రీడు మీద మీకేం పనండీ?

జరిగింది మీకూ తెలుసు. వానలు వెళ్లాక మా పెట్టెలో కింది స్థాయి పంచమం, అదే ‘ప’ స్వరం, బద్ధకించింది. మెట్టు నొక్కితే కాసేపు ఆలోచించుకుని పలికేది. పాడేవాళ్లు ‘రామా’ అంటే ‘మా’ దగ్గర వచ్చి కలిసేది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయట నిలబెట్టింది స్వరాన్ని ఊపే గమకం పలకదని. మాది స్వరమే పలకడం లేదు. అప్పుడు మా పెద్దాయన ఒకరు, నేను రాకముందే, ‘ఓ చుక్క కొబ్బరి నూనె ఎయ్యండి, దెబ్బకి పలుకుద్ది, ఆయ్’ అని మిమ్మల్ని ఆహ్వానించారు. మీరు మొహమాటం లేకుండా విచ్చేశారు. చుక్క కాదు, చెంచాడు.

ఆ మధ్యాహ్నం రీడు పలికింది కూడా. పెద్దాయన మీసం దువ్వుకున్నారు.

ధనుర్మాసం వచ్చింది. చీకటితో నగర సంకీర్తనకి బయల్దేరాం. పంచమం నొక్కితే గాలి తప్ప ఏమీ లేదు. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మీ స్వభావం, మా ఊళ్లో ఆ వేళకి చలి అంతకన్నా కిందే ఉంటుంది. గూట్లో సీసాలో తెల్లగా పేరుకున్నట్టే రీడు కింద కూడా పేరుకున్నారు. ఎండెక్కాక కరిగి, భజన అయిపోయాక, అందరూ ప్రసాదం తింటుంటే అప్పుడు పలికించారు.

పెట్టె విప్పి చూశాను. రీడంటే ఎంతని? ఇత్తడి పలకలో సన్నటి చీలిక, దాని మీద ఒక కొస రివెట్‌తో బిగించి రెండో కొస వదిలేసిన ఇత్తడి నాలుక. ఆ నాలుక చీలిక అంచులకి తగలకుండా వెంట్రుక వాసిలో ఆడాలి. అక్కడ మీరు, మీకు అంటుకున్న దుమ్ము, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఉండిపోయిన రెండు ఎర్రచీమలు. పైగా శ్రుతి కూడా దిగింది. బేస్ రీడుల కొసన బరువు అతికి శ్రుతి దించడం తయారీదారులు చేసే పనే, మా పంచమానికి ఆ సేవ మీరు అడక్కుండానే చేశారు. దిగిన శ్రుతి ఎక్కిస్తానని ఇంకొకాయన ఆకురాయి పట్టుకొచ్చాడు. కొస దగ్గర గీస్తే శ్రుతి ఎక్కుతుంది, మొదలు దగ్గర గీస్తే దిగుతుంది. ఆయన ఎక్కడ గీయబోతున్నాడో ఆయనకే తెలీదు. చెయ్యి పట్టుకుని ఆపాం. మీరు కడిగితే పోతారు, గీసిన ఇత్తడి తిరిగిరాదు. అక్కడ మటుకు మీరే నయం.

స్పిరిట్‌లో ముంచిన దూదితో మిమ్మల్ని సాగనంపి, ఆరాక సన్నటి కాగితం నాలుక కింద దూర్చి లాగాను. అప్పుడు బయటపడింది అసలు జబ్బు. నాలుక కొస పలక మీద నుంచి లేవాల్సినదానికంటే ఎక్కువ లేచి ఉంది. అలా ఉంటే మెల్లటి గాలికి చలించదు, తిత్తి గట్టిగా కొడితేనే లేస్తుంది. మరీ దించేస్తే మెల్లగా వాయించినప్పుడు బాగానే పలికి, గట్టిగా కొట్టేసరికి గొంతు మూసుకుంటుంది. ఆ సందు సుమారుగా నాలుక కొస మందమంత ఉంటే చాలు, కింది స్థాయి రీడులకి ఇంకాస్త. పుల్లతో కాస్త నొక్కడం, వాయించి చూడటం, మళ్లీ కాస్త నొక్కడం. ఇందులో మీ అవసరం ఎక్కడొచ్చిందో పెద్దాయన్నే అడగాలి.

ఇప్పుడు నా టెన్షన్ వేరు. మా పక్కింటాయన కువైట్ నుంచి బటన్ అకార్డియన్ తెచ్చుకున్నారు. ఆయన తెచ్చిన రకంలో ఒకే బటన్ నొక్కి తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే ఇంకోటి. ఒక్కో పలకకి అటొకటి ఇటొకటి స్టీలు నాలుకలు, పని లేని దాని లోంచి గాలి పోకుండా పల్చటి తోలు ముక్క. ఆ తోలు వంకర తిరిగినా స్వరం ఆలస్యమే. పలకల్ని కదలకుండా పట్టి ఉంచేదేమో తేనెమైనం. స్టీలు సంగతి మా సముద్రపు గాలి చూసుకుంటుంది, ఎవరింటి కిటికీ చువ్వల్ని అడిగినా చెబుతాయి. మీరు కూడా తోడైతే తోలు పలకకి అతుక్కుపోతుంది, మైనం మెత్తబడుతుంది, ఇక ఆ పెట్టెని షోకేసులో పెట్టుకోవడమే.

నిన్న సాయంత్రం ఆయన గోడ మీంచి, ‘ఒకటి రెండు బటన్లు లేటుగా పలుకుతున్నాయండి, ఏం చెయ్యమంటారు?’ అన్నారు. పక్కనే మా పెద్దాయన ఉన్నారు. ఆ పక్కింట్లో మీరు సీసాలో కాదు, క్యానులో ఉంటారు, పెరటి కాయలు ఎండబెట్టి ఆడించిన సరుకు.

అందుకని నా విన్నపం ఒక్కటే. రేపు పొద్దున్నే పక్కింటాయన మూత తీసేసరికి దయచేసి గడ్డకట్టి ఉండండి. ఎండెక్కేలోగా నేను దూదీ, పుల్లా పట్టుకుని వెళ్తాను.

ఇట్లు,
తలకి మాత్రం మిమ్మల్నే రాసుకునే
భజన హార్మోనియం