తన్ని తా

మా ఆవిడది మద్రాసు. నాది కనిగిరి దగ్గర పల్లె, ఉద్యోగం నెల్లూరులో. పిల్లోడు పుట్టగానే ఒప్పందం చేసుకున్నాం: వాడితో నేను తెలుగే మాట్లాడాలి, ఆమె అరవమే. (అరవం అంటే ఊరుకోదు, తమిళం.) 1953లో ఆంధ్ర విడిపోయినా మా వంటింట్లో ఇంకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రమే నడుస్తోంది.

ఈ పద్ధతి మా బుర్రలో పుట్టింది కాదు. జూల్ రోంజా అనే ఫ్రెంచి భాషావేత్త, తానూ జర్మన్ భార్యా కలిసి కొడుకును ఇలాగే పెంచిన వైనాన్ని 1913లోనే పుస్తకంగా వేశాడు. పిల్లాడికి రెండు భాషలూ చక్కగా వచ్చాయట. ఆయన కూడా కొడుకును ఒక్క కనుమ పండక్కి మా ఊరు తెచ్చి ఉంటే తెలిసేది.

అందరం భోజనాలకు కూర్చున్నాం. మావాడికి నాలుగేళ్ళు. అమ్మ గారె వెయ్యబోతే "పోదుం" అన్నాడు. తమిళంలో చాలు అని. అమ్మకు "పోదాం" అని వినబడింది.

"పోదాంలే నాయనా, తిని పోదాం" అని ఇంకో గారె వేసింది.

"పోదుం!"

"తొందరేందిరా" అని దాని మీద నాటుకోడి పులుసు పోసింది.

వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మా అమ్మ కారం సంగతి మాకు తెలుసు. చెవులు ఎర్రబడిపోయి ఒక్క కేక పెట్టాడు: "తాతా, తన్ని తా!"

మా నాయన ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. "ఎవర్నిరా తన్ని తేవాల్సింది?"

వాడు కళ్ళనీళ్ళతో మూలకు వేలు చూపించాడు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికి క్యాను కొనాల్సిందే. ఆ 20 లీటర్ల క్యాను మూలన ఉంది. దానికి ఆనుకుని మా బావ ఉన్నాడు. ఇంటి అల్లుడు. పండక్కి పెట్టిన చొక్కా రంగు నచ్చలేదని రెండు రోజులుగా ముభావంగా ఉన్నాడు.

"ఏం చేశావయ్యా పిల్లోణ్ణి?"

"నేనేం చేశాను మామా!"

"గిల్లాడేమో" అంది మేనత్త, విస్తట్లోంచి తల ఎత్తకుండానే.

అక్క లేచి నిలబడింది. "చొక్కా చాలక తన్నులు కూడా పెడతారా" అంటూ బావ చెయ్యి కడగబోయాడు. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. "తణ్ణి అంటే నీళ్ళు మామయ్యా!" ణ పలకాలంటే నాలుక మడవాలి. వాడికింకా మడవదు.

"నీళ్ళా! అయితే తన్నీరు అని ఇంటిపేరున్నోళ్ళు..." అని నాయన ఆలోచనలో పడ్డాడు. బావ మాత్రం విస్తరితో సహా అవతలి గోడకు మారాడు.

ఆ సాయంత్రం నాయన మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బడి పెట్టాడు.

"అను, నీళ్ళు."

"నిల్లు."

"గట్టిగా!"

"నిల్లు!"

తర్వాతి వారం పినాకిని ఎక్కి మద్రాసు పోయాం. అమ్మమ్మ వంటింట్లోకి పోతుంటే మావాడు తాత నేర్పినంత గట్టిగానూ అరిచాడు: "పాట్టీ, నిల్లు!"

తమిళంలో నిల్లు అంటే ఆగు.

ఆవిడ ఆగింది. వాడు మళ్ళీ అరిచాడు. కాళ్ళ దగ్గర ఏ పామో ఉందనుకుని ఆవిడ, ఎత్తిన కాలు ఎత్తినట్టే గడప మీద బిగుసుకుపోయింది.