యూత్ వింగ్ పెట్టేశాం కదా, ఇంకేం కావాలి అంటారా?

"ఈ కాలం కుర్రాళ్లకి సంఘం అంటే పట్టదండీ." ఏ వృత్తి సంఘం మీటింగ్‌కి వెళ్లినా ఈ మాట వినాల్సిందే. ఇంజినీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు, లైబ్రేరియన్లు, ఎవరి సంఘమైనా ఒకటే పాట. ఆ మాట అనేవాళ్లు ముందు వరసలో కూర్చుని ఉంటారు. ఎవరి గురించి అంటున్నారో ఆ పిల్లలు వెనకాల ప్రొజెక్టర్ కేబుల్ సరిచేస్తూ ఉంటారు. అయ్యా, వాళ్లు వచ్చారు! వచ్చినవాళ్లకి కేబుల్ పని తప్ప ఇంకో పని అప్పగించిన పాపాన పోలేదు మీరు.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన మందు యూత్ వింగ్. దానికో కన్వీనరు, ఓ లోగో, ఓ వాట్సాప్ గ్రూపు. చేతిలో పైసా ఉండదు, కమిటీలో ఓటు ఉండదు, పోస్టరు డిజైన్ చేయాలంటే కూడా అధ్యక్షుల వారు ఓకే అనాలి. ఆటలో అరటిపండు అంటారే, అచ్చం అదే. ఓ రెండు రిజిస్ట్రేషన్ డెస్కులు, ఓ గ్రూప్ ఫోటో అయ్యేసరికి విషయం ఆ పిల్లలకి అర్థమైపోతుంది, మెల్లగా జారుకుంటారు.

విడ్డూరం ఏంటంటే ఈ సంఘాలు మొదలుపెట్టినవాళ్లలో కుర్రాళ్లు తక్కువేం కాదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్ సంగతే చూడండి. 1818 జనవరిలో లండన్‌లోని ఒక కాఫీ హౌస్‌లో కొద్దిమంది కుర్ర ఇంజినీర్లు కూర్చుని పెట్టుకున్న సంఘం అది, అందులో ముఖ్యుడు హెన్రీ పామర్‌కి అప్పటికి ముప్ఫై కూడా రాలేదు. మొదటి రెండేళ్లు పెద్దగా ఎవరూ చేరలేదు. అప్పుడు వాళ్లే వెళ్లి, రోడ్లూ వంతెనలూ కట్టి పేరు మోసిన థామస్ టెల్ఫోర్డ్‌ని అధ్యక్షుడిగా ఉండమని అడిగారు. 1820లో ఒప్పుకునేనాటికి ఆయనకి అరవై దాటాయి. ఆయన పలుకుబడి తోడయ్యాక జనం చేరారు, 1828లో రాయల్ చార్టర్ (రాజుగారి అధికారిక గుర్తింపు పత్రం) కూడా వచ్చింది. పెద్దాయన్ని పిలిచింది కుర్రాళ్లు, పిలిస్తే వచ్చి నిజంగా పని చేసింది పెద్దాయన. వీళ్లకో విభాగం, వాళ్లకో విభాగం అని గోడ కట్టుకోలేదు.

నేనున్న సంఘం సంగతి చెప్తాను (పేరు అడగొద్దు, ఇంకా సభ్యుడినే). సర్వసభ్య సమావేశంలో ఒకమ్మాయి లేచి, సదస్సుకి ఇంత ఖర్చయింది కదా, ఇందులో హాలుకి ఎంత, ప్రయాణాలకి ఎంత అని అడిగింది. చక్కటి ప్రశ్న, మర్యాదగానే అడిగింది. వేదిక మీంచి వచ్చిన జవాబు: "నువ్వు కొత్తగా వచ్చావమ్మా, ముందు రెండేళ్లు చూసి నేర్చుకో." హాల్లో నవ్వులు కూడా. మరుసటి ఏడాది ఆ అమ్మాయి సభ్యత్వం రెన్యువల్ చేసుకోలేదు. మా మినిట్స్‌లో అది "యువ సభ్యుల్లో ఆసక్తి తగ్గుదల" కింద నమోదైంది.

అలాగని పాతవాళ్లందరూ కుర్చీ పట్టుకుని వేలాడుతున్నారు అనను. చాలాచోట్ల కార్యదర్శి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేది ఇంకెవరూ ముందుకు రాకే. బ్యాంకు పని ఆయనకే తెలుసు, వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఆయన ఫోన్‌లోనే ఉంది, హాలు బుకింగ్‌కి ఎవరిని పట్టుకోవాలో ఆయన బుర్రలోనే ఉంది. దిగిపోదామన్నా దిగలేడు పాపం. దీనికి తిట్లెందుకు, పద్ధతి కావాలి. పదవికి గడువు పెట్టండి, కమిటీ మొత్తాన్ని ఒకేసారి మార్చకుండా ఏటా మూడోవంతు మార్చండి. దిగిపోయేవాళ్లు కొత్తవాళ్ల పక్కన కొన్నాళ్లు కూర్చుని పని అప్పగించి వెళ్లాలి.

ఇక రిటైరైనవాళ్లు. వాళ్ల విషయంలో మనం చేసే ఘనకార్యం ఒక జ్ఞాపిక ఇచ్చి చేతులు దులుపుకోవడం. ఇంకో తమాషా చూడండి. సభ్యత్వం తీసుకున్నప్పుడు ఆఫీసు మెయిల్ ఐడీ ఇస్తారు, రిటైరైన రోజున అది మూతపడుతుంది, రెన్యువల్ నోటీసు ఆ మూతపడ్డ పెట్టెకే పోతుంది. ముప్ఫై ఏళ్లు సభ్యుడిగా ఉన్న మనిషి ఒక్క ఫోన్ కాల్ కూడా లేకుండా జాబితాలోంచి మాయం! ఐట్రిపులీ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం, IEEE) వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది: 65 ఏళ్లు నిండి, వయసూ సభ్యత్వ కాలమూ కలిపితే కనీసం 100 అయితే లైఫ్ మెంబర్. ఇన్నేళ్లు ఉన్నావు, అది లెక్కలోకి వస్తుంది అని చెప్పినట్టు ఉంటుంది. అయితే హోదా ఇచ్చాక పని కూడా ఇవ్వాలి. పరీక్ష పేపర్లు చూడటం, కొత్తవాళ్ల మొదటి ప్రాజెక్టు రిపోర్టు దిద్దిపెట్టడం, వృత్తిలో తప్పుల మీద వచ్చే ఫిర్యాదులు వినడం, వీటికి అనుభవం ఉన్నవాళ్లే కావాలి కదా.

అందరికంటే అన్యాయమైపోయింది మాత్రం మధ్యవాళ్లు. నలభై చుట్టుపక్కల వయసు. యూత్ అనరు, సీనియర్ అనరు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ల ఆరోగ్యాలు, ఆఫీసులో టెన్షన్. వీళ్లని పనిరోజు సాయంత్రం ఆరింటికి మీటింగ్‌కి రమ్మంటాం, అదీ ఆరింటికి మొదలైతే కదా! రాకపోతే నిబద్ధత లేదంటాం. వీళ్లకి మూడేళ్ల పదవి అంటగట్టకండి. ఈ సిలబస్ చూసి నెలలో అభిప్రాయం రాసివ్వండి అని అడగండి, మొదలూ చివరా తెలిసిన పనైతే ఎంత బిజీగా ఉన్నా చాలామంది చేసిపెడతారు. నలభై ఐదేళ్లకి వృత్తి మారి కొత్తగా చేరినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లని ఏ వింగ్‌లో వేస్తారు? అందుకే వయసుని బట్టి పెట్టెలు కట్టడం మానేసి, ఎవరు ఏ పని చేయగలరో, ఎంత సమయం ఇవ్వగలరో అడగమంటున్నాను. చేరేటప్పుడు నింపే ఫారంలో పుట్టినతేదీ అడుగుతారు గానీ ఈ రెండు ప్రశ్నలూ ఉండవు.

కొన్ని కంపెనీలు ఈ విషయంలో మనకంటే నయం. 1999లో అమెరికా కంపెనీ జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) అధిపతి జాక్ వెల్చ్ పెద్ద మేనేజర్లని చిన్నవాళ్ల దగ్గర కూర్చుని ఇంటర్నెట్ నేర్చుకోమన్నాడు, తనూ నేర్చుకున్నాడు. మన దగ్గర మెంటరింగ్ అంటే ఒకరు చెప్పాలి, ఇంకొకరు తలూపాలి.

మా సంఘం ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. కార్యవర్గానికి పోటీ చేయాలంటే పదేళ్ల సభ్యత్వం తప్పనిసరి అనే క్లాజు అలాగే ఉంది. దాన్ని మూడేళ్లకి తగ్గించమని సవరణ రాసి పంపాను, బలపరచడానికి సంతకాలు కావాలి. సభ్యులైనవాళ్లు ఇన్‌బాక్స్‌కి రండి, ఏ వయసువాళ్లయినా సరే.