3.2 శాతం నిరుద్యోగం: 'వారానికి గంట పని' వాదన ఎక్కడ తప్పింది?

సోషల్ మీడియాలో తరచూ కనబడే వాదన ఇది. 2023-24లో దేశంలో నిరుద్యోగం 3.2 శాతమేనన్న కేంద్రం లెక్క బూటకం. వారంలో ఒక్క గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే రాసేసుకుంటున్నారు. అంకె తగ్గించడానికి ఈ నిబంధన కొత్తగా తెచ్చారు. వందలో నలభై మందిని లెక్కలోంచే తీసేశారు. లక్ష ఇళ్లు తిరిగి దేశం మొత్తానికీ అంకె కట్టారు. నెలవారీ లెక్కలు మొదలవగానే అసలు రేటు 5.6 అని బయటపడింది.

ఇందులో చాలా ముక్కలకు ఎంతో కొంత ఆధారం ఉంది. కలిపి చేసిన నిర్ధారణే తప్పు.

"గంట పనిచేస్తే చాలు." నిబంధన నిజమే, కానీ 3.2కు దానితో సంబంధం లేదు. ఈ అంకెలకు మూలమైన కేంద్ర గణాంక శాఖ ఉపాధి సర్వే, పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్), ఒకే మనిషిని రెండు కొలతలతో చూస్తుంది. మొదటిది యూజువల్ స్టేటస్: గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశాడు, అది కాక కనీసం 30 రోజులు ఇంకేదైనా పని చేశాడా అని అడుగుతారు. రెండోది కరెంట్ వీక్లీ స్టేటస్: గడిచిన 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం గంట పని దొరికిందా అన్నది ప్రశ్న. 2023-24లో 15 ఏళ్లు దాటినవారికి వచ్చిన 3.2 శాతం మొదటి కొలతది. గంట నిబంధన ఉన్న రెండో కొలతలో అదే ఏడాది రేటు 4.9. అంటే ఏ నిబంధనను తిడుతున్నారో ఆ నిబంధన ఉన్న కొలతే నిరుద్యోగాన్ని ఎక్కువగా చూపిస్తోంది.

కారణం కాలవ్యవధి. ఏడాదిలో ఎనిమిది నెలలు కూలికి వెళ్లిన మనిషి ఇంటికి మే నెలలో సర్వేవాళ్లు వెళ్లారనుకోండి. ఆ వారం పని దొరక్క, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉంటే వారం లెక్కలో అతను నిరుద్యోగి, ఏడాది లెక్కలో కార్మికుడు.

నిలదీయాలంటే 30 రోజుల నిబంధనను నిలదీయాలి. ఏడు నెలలు ఉద్యోగం కోసం తిరిగి, మధ్యలో 40 రోజులు చిల్లర పని చేసినవాడి ప్రధాన స్థితి నిరుద్యోగమే. కానీ అనుబంధ పనిని కూడా కలిపి ప్రకటించే అంకెలో అతను పనిచేస్తున్నవాడైపోతాడు. 3.2 ఇలా కలిపిన అంకే. ఈ విమర్శలో బలముంది. గంట విమర్శ పట్టుకున్నవాళ్లు దీన్ని చూడనేలేదు.

"కొత్తగా తెచ్చారు." కాదు. ఈ కొలతలకు మూలం నిరుద్యోగాన్ని ఎలా అంచనా వేయాలో చూడటానికి వేసిన దంత్‌వాలా కమిటీ 1970లో ఇచ్చిన నివేదిక. 1972-73లో జరిగిన జాతీయ నమూనా సర్వే 27వ రౌండు నుంచి అవి వాడుకలో ఉన్నాయి. గంట ప్రమాణాన్ని అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు కూడా 1982లో ఖాయం చేసింది. జీడీపీలోకి చేరే ప్రతి ఉత్పత్తి వెనకా ఉన్న శ్రమ ఉపాధి లెక్కలో కనబడాలన్నది దాని ఉద్దేశం. గంట పనితో కడుపు నిండుతుందని ఎవరూ అనలేదు.

"నలభై మందిని తీసేశారు." వందమందితో లెక్క వేసి చూడండి. 2023-24లో శ్రామిక శక్తి భాగస్వామ్యం, అంటే పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నా సిద్ధంగా ఉన్నా వాళ్లు కలిపి, 60.1 శాతం. పనిలో ఉన్నవారు 58.2. తేడా 1.9. దాన్ని 60.1తో భాగిస్తే 3.2 శాతం. మిగిలిన 39.9 మంది చదువుకునేవాళ్లు, ఇంటిపనిలో ఉన్నవాళ్లు, వయసు మీరినవాళ్లు. వీళ్లలో పని మీద ఆశ వదిలేసుకున్నవాళ్లూ ఉంటారన్నది నిజం. అందుకే నిరుద్యోగ రేటును ఎప్పుడూ భాగస్వామ్యం రేటు పక్కన పెట్టుకునే చదవాలి. 2017-18లో భాగస్వామ్యం 49.8, నిరుద్యోగం 6.0. జనాన్ని లెక్కలోంచి తోసేసి రేటు తగ్గించి ఉంటే మొదటి అంకె పడిపోవాలి. అది పెరిగింది.

పెరిగినవాళ్లు ఏ పనిలోకి వచ్చారన్నది అసలు ప్రశ్న. సర్వే పత్రంలో ప్రతి మనిషికీ ఒక కోడ్ వేస్తారు. నెలజీతం 31, ఇంటి వ్యాపారంలో జీతం లేని సాయం 21, పని లేక వెతుక్కుంటున్నా సిద్ధంగా ఉన్నా 81, ఇంటిపని మాత్రమే అయితే 92, ఇంటిపనితో పాటు పుల్లలు ఏరుకురావడం, ఇంట్లోవాళ్లకు బట్టలు కుట్టడం లాంటివి చేస్తే 93. భర్త కొట్లో రోజూ కూర్చునే భార్య చేతికి రూపాయి రాకపోయినా 21 కింద ఆమె కార్మికురాలే. 93 పడిన ఆడమనిషి మాత్రం శ్రామిక శక్తి బయటే. 2017-18లో 23.3గా ఉన్న మహిళల భాగస్వామ్యం 2023-24కి 41.7 అయింది. పనిచేసే ఆడవాళ్లలో 36.7 శాతం జీతం లేని సాయకులే. మొత్తం కార్మికుల్లో నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది, వ్యవసాయం వాటా 44.1 నుంచి 46.1కు పెరిగింది. ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టే అంకెలు ప్రభుత్వ నివేదికలోనే ఇన్ని ఉండగా, గంట చుట్టూ గొడవెందుకో అర్థం కాదు.

"లక్ష ఇళ్లతో దేశం లెక్కా?" చాలు, ఎంపిక సక్రమంగా ఉంటే. 2023-24లో దాదాపు 1.02 లక్షల ఇళ్లు చూశారు. ఒక్కో ఊరు లేదా పట్టణ బ్లాకు నుంచి 8 ఇళ్లు: పదో తరగతి, ఆపైన చదివినవాళ్లు ముగ్గురు లేదా ఎక్కువ ఉన్నవి 2, ఒకరిద్దరున్నవి 4, అసలు లేనివి 2. తర్వాత వెయిట్లు వేసి ఏ రకం ఇళ్లు నిజంగా ఎన్ని ఉంటాయో ఆ నిష్పత్తికి సరిదిద్దుతారు. చిక్కు జాతీయ అంకెలో కంటే చిన్న రాష్ట్రంలో డిగ్రీ చదివిన యువతుల లాంటి చిన్న గుంపుల దగ్గర వస్తుంది. అక్కడ నమూనా పలచబడి అంకె ఊగుతుంది. ఇంట్లో ఒకరే అందరి తరఫునా జవాబు చెప్పడం ఇంకో బలహీనత. కోడలు పనికి వెళ్తోందా అని మామగారిని అడిగితే ఏం చెబుతారో ఊహించుకోవచ్చు.

"అసలు రేటు 5.6." ఇది మే 2025 నెలవారీ అంకె, వారం కొలతతో వచ్చింది. ఏడాది కొలతతో వచ్చిన 3.2 పక్కన పెట్టి 'పెరిగింది' అనడం కుదరదు. పోనీ 4.9తో పోల్చుదామంటే, 2025 జనవరి నుంచి సర్వే పద్ధతే మారింది: ఒక్కో బ్లాకుకు 8 ఇళ్లకు బదులు 12, ఏడాదికి దాదాపు 2.72 లక్షల ఇళ్లు, ఎంపికైన ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్లడం. పాత అంకెలతో నేరుగా పోల్చవద్దని కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖే చెప్పింది. ఏప్రిల్ 2025లో 5.1, మేలో 5.6 అన్న పోలిక చెల్లుతుంది, రెండూ ఒకే పద్ధతిలో తీసినవి కాబట్టి. అందులోనూ పంటల మధ్య ఖాళీ, ఎండల ప్రభావం కలిసే ఉంటాయి. అవి పోయి సరైన పోలిక కావాలంటే ఒక ఏడాది మేను మరో ఏడాది మేతో చూడాలి.