ఆక్స్‌ఫర్డు లెక్కకు అందని సెట్టు

ఇంగ్లీషులో అత్యధిక అర్థాలు మోస్తున్న మాట ఏదని అడిగితే చాలాకాలం పాటు క్విజ్ పుస్తకాలు ఒకటే జవాబు చెప్పేవి: సెట్. 1989లో ఇరవై సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో ఆ మూడక్షరాల మాటకు 430 అర్థాలు తేలాయి. వాటిని వివరించడానికి దాదాపు అరవై వేల మాటలు ఖర్చయ్యాయి, అంటే ఒక మోస్తరు నవలకు సరిపడా సరుకు. ఆ తర్వాత మూడో కూర్పు పనిలో భాగంగా పీటర్ గిలివర్ అనే సంపాదకుడు రన్ అనే క్రియ ముందు కూర్చుని, తొమ్మిది నెలలు మోసి, 645 అర్థాలను ప్రసవించి లేచాడు. దాంతో 2011 నాటికి సెట్టు గద్దె దిగిందని, రన్నుకు పట్టాభిషేకం జరిగిందని పత్రికలు ప్రకటించాయి.

ఈ తీర్పును తెలుగువాడిగా నేను ఒప్పుకోలేకపోతున్నాను. నిఘంటుకారుల పాండిత్యం మీద నాకు అనుమానం లేదు. 1884లో తొలి భాగాన్ని అచ్చువేసి 1928కి గానీ మొదటి కూర్పును పూర్తిచేయని ఆ ఓపికకు రెండు చేతులెత్తి దండం పెట్టవలసిందే. నా అభ్యంతరమల్లా సాక్ష్య సేకరణ గురించి. శతాబ్దాల నాటి పుస్తకాలు తిరగేసిన ఆ మహానుభావులు రాజమండ్రిలో మా మేనత్త ఇంట్లో ఒక్క పూట కూర్చుని ఉంటే 430 దగ్గర ఆగేవారు కారు.

ఆ ఇంట్లో సెట్టు అందరికంటే ముందు నిద్రలేస్తుంది. రాత్రి తోడుపెట్టిన గిన్నె వంచి చూసి, "సెట్టవలేదత్తయ్యా" అని కోడలు నిట్టూరుస్తుంది. మామయ్య పాలేరుకు ఫోను చేసి పంపుసెట్టు ఆడుతోందా అని వాకబు చేస్తాడు. టిఫిను సెంటరు నుంచి వచ్చిన పొట్లంలో సెట్ దోసె ఉంటుంది. ఒంటరిగా అమ్ముడుపోయే ధైర్యం లేని చిన్న దోసెలు రెండో మూడో కలిసికట్టుగా వస్తే దానికి ఆ పేరు. బీరువాలో నెక్లెసు సెట్టు, అలమరలో అతిథులు కూడా ముట్టని టీ సెట్టు, టీవీ పైన ఉండాల్సిన పేరు పెట్టుకుని టీవీ కింద పడి ఉండే సెట్‌టాప్ బాక్సు, వీటన్నిటి నడుమ కిటికీ గట్టు మీద గ్లాసుడు నీళ్ళలో మా అత్తయ్య పళ్ళ సెట్టు.

ఆ పళ్ళ సెట్టు ఇంటికి వచ్చిన రోజునే అత్తయ్య మనవరాలికి పెళ్ళిచూపులు కూడా జరిగాయి. సాయంత్రం నేను హైదరాబాదు నుంచి ఫోను చేసి, పెద్దల మర్యాద తప్పకుండా కుశలమడిగి, అసలు సంగతిలోకి దిగాను.

"ఏమత్తయ్యా, సెట్టయిందా?"

"అయింది నాన్నా. కాకపోతే కాస్త వదులు."

అబ్బాయి కొంచెం మెతక మనిషి కాబోలని నేను సర్దిచెప్పుకున్నాను. "పోనీలే, నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అన్నాను.

"డాక్టరు కూడా అదే అన్నాడురా."

పెళ్ళికొడుకు డాక్టరన్న శుభవార్త నాకు అలా తెలిసింది. ఆనందం పట్టలేక, మొత్తం మీద ఎంతవుతోందని అడిగాను. పాతికవేలని, సగం ముందే ఇచ్చేశామని అత్తయ్య చెప్పింది. పాతికవేలకు డాక్టరు సంబంధం! ఈ కాలంలో ఇలాంటి ఆదర్శవంతులు కూడా ఉన్నారా అని నాకు కళ్ళు చెమర్చాయి. పక్కనే వింటున్న మా ఆవిడ ఆ వార్తను అప్పటికే తన ఫోనులో విజయవాడ, వైజాగు, డల్లాసులకు చేరవేసింది. "రాత్రిళ్ళు మటుకు తీసి నీళ్ళలో వెయ్యమన్నాడు" అని అత్తయ్య తన ధోరణిలో ముగించేసరికి మూడు ఊళ్ళలోనూ అభినందనలు మొదలయ్యాయి.

ఇటువంటి ప్రమాదం 430 అర్థాలున్న ఇంగ్లీషులో జరగదు. ఎందుకంటే వాళ్ళ సెట్టుకు పక్కన ఎప్పుడూ కాపలా ఉంటుంది. ఒక అప్, ఒక ఆఫ్, ఒక అవుట్, ఒక డౌన్ వెంట నడిచి, ఏ అర్థం ఎటు పోవాలో చెబుతాయి. పైగా అది పుట్టుకతోనే ఒక మాట కాదు. కూర్చోబెట్టడమన్న అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ ఒకటి, మంద, వర్గం అన్న అర్థాలతో లాటిను నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన నామవాచకం ఒకటి, ఒకే వేషం కట్టి ఒకే ఇంట్లో కాపురముంటున్నాయి.

మనం ఆ కాపురంలో మూడో మనిషిని కూడా ప్రవేశపెట్టాం. కామన్ ఎంట్రన్స్ టెస్టు అన్న మూడు మాటల పొడి అక్షరాలు కూడా తెలుగులో సెట్టే కనుక, ఎంసెట్, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలీసెట్ అనే సంతానమంతా తామర తంపరగా పెరిగింది. వైద్య ప్రవేశాలు నీట్‌కు తరలిపోయాక ఎంసెట్‌లో "ఎం"కు పని లేదని ఏలినవారు గుర్తించి, ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఈఏపీసెట్ అని పేరు మార్చారు. పిల్లల తల్లులు ఆ మార్పును గుర్తించలేదు. కొడుకు ఎంసెట్ రాస్తే సీటు సెట్టవుతుంది, సీటు సెట్టయితే ఉద్యోగం సెట్టవుతుంది, ఉద్యోగం సెట్టయితే సంబంధం సెట్టవుతుంది అన్న వాళ్ళ జీవిత దర్శనం ఒక్క మాట మీద నిలిచి ఉంది. అందులో కొత్త అక్షరాలు ఇరికించడం అమానుషం.

అయితే సెట్టు తన పూర్తి విశ్వరూపాన్ని ప్రదర్శించేది ఇల్లు కట్టేవాడి దగ్గర. స్థలం చుట్టూ నిబంధన ప్రకారం వదలవలసిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. అది ప్లాను కాగితం మీద నాలుగువైపులా చుక్కల గీతగా, కన్నులపండువగా ఉంటుంది. మా వీధిలో ఒక పెద్దమనిషి ఆ చుక్కల గీతను పిట్టగోడగా అన్వయించుకుని, పడకగది కిటికీ తెరిస్తే పక్కింటి వంటగదిలో పోపు వేగిందో లేదో చూసుకోగలిగేలా కట్టుకున్నాడు. ఎవరైనా అడగరా అని నేను ఆందోళనపడితే, "ఆఫీసులో సెట్ చేశాంలెండి" అని చిరునవ్వు నవ్వాడు. నియమం పేరులోనూ సెట్టే, నియమాన్ని తప్పించుకునే ఉపాయం పేరులోనూ సెట్టే. రోగానికీ మందుకూ ఒకే మాట పెట్టుకునే పొదుపు ఆక్స్‌ఫర్డు వారి ఊహకు కూడా అంది ఉండదు.

ఇక్కడ కొందరు భాషాభిమానులు లేచి, మనకు సొంత వీరుడు లేడా, కొట్టు అనే క్రియను పోటీకి దింపవచ్చు కదా అని అడుగుతారు. దింపవచ్చు. ఈత కొట్టాలన్నా, టెంకాయ కొట్టాలన్నా, చప్పట్లు కొట్టాలన్నా, టైరులో గాలి కొట్టాలన్నా, సొంత డబ్బా కొట్టుకోవాలన్నా అదే దిక్కు. రైతు పొద్దున్న చేలో కొట్టే మందూ సాయంత్రం ఊళ్ళో కొట్టే మందూ ఒకటి కావని ఎవరూ నేర్పనక్కర్లేదు. న్యాయమూర్తి కేసు కొట్టేస్తారు, దొంగ పర్సు కొట్టేస్తాడు. క్రియ ఒకటే, శిక్ష మాత్రం ఒకరికే. పిఠాపురం మహారాజు పేరు మోస్తున్న సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చేనాటికి మనవాళ్ళకు బోరు కొట్టడం, లైను కొట్టడం ఇంకా అలవడలేదు కానీ, ఆ ఇంగ్లీషు మాటలు తర్వాత గుమ్మంలోకి రాగానే వాటికి పని ఇచ్చింది కొట్టే. కాపీ, సెల్యూటు, హారను, రౌండు, అన్నీ దాని చేతి కింద చేరాయి. మన క్రియ యజమానిగా, వాళ్ళ నామవాచకం కూలీగా పనిచేసిన అరుదైన సంస్థానం అది.

సెట్టు సంగతి అలా లేదు. అది ఇంట్లోకి కూలీగా రాలేదు, మేనేజరుగా వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే పాతవాళ్ళను ఒక్కొక్కరినీ ఇంటికి పంపించడం మొదలుపెట్టింది. పెరుగు తోడుకునేది, సంబంధం కుదిరేది, రంగు నప్పేది, తోడికోడళ్ళకు పొసిగేది కాదు, రోగి ఒళ్ళు కుదుటపడేది, నగ అమరేది, పెట్టె బీరువాలో ఇమిడేది. ఇన్ని క్రియలూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, ఒకరి జీతం ఇంకొకరు అడగకుండా శతాబ్దాలుగా బతికాయి. ఇప్పుడు అన్నీ సెట్టవుతాయి, లేదా సెట్టవవు. ఇంగ్లీషులో సెట్టుకు 430 అర్థాలు రావడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది. మనం మన క్రియలకు పదవీ విరమణ ఇప్పించి ఒక్క తరంలో ఇన్ని అర్థాలు సంపాదించిపెట్టాం. ఆ వేగాన్నయినా ఆక్స్‌ఫర్డు వారు గుర్తించకపోవడం విచారకరం.

సెట్టుకు తెలుగులో గౌరవప్రదమైన ఉద్యోగం దొరికిన చోటు ఒక్కటే ఉంది: గణితం. అక్కడ దాన్ని సమితి అంటారు. సభ్యులెవరూ లేనిది శూన్య సమితి అని చదువుకున్నప్పుడు, మా వీధి సంక్షేమ సంఘం సమావేశం నుంచి ఖాళీ కుర్చీలు మోసుకొచ్చిన నాకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

అత్తయ్య మనవరాలి సంబంధం ఏమైందని డల్లాసు నుంచి ఇప్పటికీ అడుగుతున్నారు. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి. ఇంటికెళ్ళి కబురు చేస్తామన్నారు, ఇంతవరకు చేయలేదు. పళ్ళు మాత్రం పది రోజుల్లో అలవాటయ్యాయి. మొన్న వెళ్ళినప్పుడు అత్తయ్య నా ఎదుటే రెండు జంతికలు కరకర నమిలింది.